గూగూడు మీద వచ్చిన పుస్తకం గూగూడుకు ఎప్పుడు చేరుతుంది?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను అనంతపురం జిల్లా హైస్కూళ్లలో 31 ఏళ్లు సోషల్ పాఠం చెప్పి రిటైరైన మాస్టారిని. పౌర గ్రంథాలయాలు మీ శాఖ కిందికే వస్తాయి కాబట్టి ఈ బహిరంగ లేఖ మీకు రాస్తున్నాను.

మా జిల్లా నార్పల మండలంలో గూగూడు అనే ఊరుంది. మొహర్రం వచ్చిందంటే ఆ ఊళ్లో ఇసకేస్తే రాలనంత జనం. కుళ్ళాయిస్వామి అనే పీరుకు, అంటే ముస్లిం మహాత్ముడికి, చక్కెర చదివించుకునేవాళ్లలో (చక్కెర తెచ్చి పీరు ముందు ప్రార్థన చదివించుకోవడం అన్నమాట) హిందువులే ఎక్కువ. పక్కనే ఆంజనేయస్వామి గుడి. ఇక్కడికి వచ్చినవాళ్లు అక్కడా దండం పెట్టుకునే పోతారు. నా క్లాసు అటెండెన్స్ రిజిస్టర్‌లో ఏ ఏడు చూసినా ఆ పీరు పేరు పెట్టుకున్న కుళ్ళాయప్పలు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు. ఇంటికి పోయి చూస్తే గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం ఉండేది. అందులో వింతేముందని ఎప్పుడూ ఎవరికీ అనిపించలేదు.

ఈ ఊరి మీద, ఈ పండుగ మీద 2013లో ఒక పరిశోధన గ్రంథం వచ్చింది. పేరు ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’. అచ్చు వేసింది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్. రాసింది అఫ్సర్ మహమ్మద్ గారు. అమెరికాలో యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు కానీ అంతకుముందు నుంచీ తెలుగు కవిగా మనందరికీ తెలిసిన మనిషి. ఊళ్లో ఉండి, జనంతో మాట్లాడి, పీర్ల చావిడి దగ్గర కూర్చుని రాసిన పుస్తకం అది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న నా శిష్యుడు ఒకడు సెలవులకు వస్తూ తెచ్చి చేతిలో పెట్టాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను.

తర్వాత జరిగిందే నా చేత ఈ లేఖ రాయిస్తోంది. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. వేరుశనగ రైతు. ప్రతి ఏడూ మొక్కు ప్రకారం మొహర్రానికి ఫకీరు అవుతాడు. ఆ పది రోజులూ ఎంత నిష్ఠగా ఉంటాడో నేను కళ్లారా చూశాను. ఆయన్ని కూర్చోబెట్టి ఆ పుస్తకంలో కొన్ని పేజీలు తెలుగులో చెప్పాను. కాసేపు విని, “ఏం సార్, మా సామి మీద అమెరికాలో పుస్తకం అచ్చేసినారా? మాకెవరూ చెప్పలేదే” అన్నాడు. ఇంకో నాలుగు పేజీలు చెప్పేసరికి నన్ను ఆపేశాడు. “ఈ మాట మా నాయన ఇంకో రకంగా చెప్పేవాడు సార్, రాసుకోండి” అని మొదలుపెట్టి అరగంట చెప్పాడు. సాయంత్రానికి ఇంకో ముగ్గురు వచ్చి చేరారు. వాళ్లలో ఒక ముస్లిం పెద్దమనిషి, ఇలాంటి పండుగలు అసలు ఇస్లాం కాదని తమ పిల్లలు ఇప్పుడు అంటున్నారని బాధపడ్డాడు. ఆ వాదన గురించి కూడా పుస్తకంలో ఉందని చెప్తే ఆశ్చర్యపోయి, అదంతా మళ్లీ చెప్పమన్నాడు.

మంత్రి గారూ, ఆ పుస్తకాన్ని నిజంగా సరిచూడగలిగినవాళ్లు, మెచ్చుకోగలిగినవాళ్లు, అవసరమైతే తప్పు పట్టగలిగినవాళ్లు ఆ సాయంత్రం మా అరుగు మీద ఉన్నారు. వాళ్ల దగ్గరికి రావడానికి దానికి ఒక దారంటూ లేదు.

మా జిల్లాలోనే ఒక లైబ్రరీకి వెళ్లి ఆ పుస్తకం తెప్పించగలరా అని అడిగాను. అక్కడున్నాయన మంచివాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. “సార్, లిస్టులో ఉన్నవే మాకు వస్తాయి. దీని ధర వేలల్లో ఉంది, ఇంగ్లీషు కూడా. ఎవరు చదువుతారని పైన అడుగుతారు” అన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ లిస్టు ఎలా తయారవ్వాలన్నదే నేను మీతో మాట్లాడాలనుకున్న విషయం.

ఇది ఒక్క గూగూడు సంగతి కాదు. తిరుపతి గంగమ్మ జాతర తీసుకోండి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, తలల మీద సున్నపు కుండలు. తాతయ్యగుంట గంగమ్మ గుడి చుట్టూ పెరిగిన పిల్లలకు ఇవన్నీ ఇంట్లో సంగతులు. ఆ జాతర మీద జాయ్స్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి తిరిగి చూసి ఒక పుస్తకమే రాశారు. అదీ 2013లోనే వచ్చింది. కూచిపూడి గ్రామంలో మగవాళ్లు ఆడవేషం కట్టే సంప్రదాయం మీద హర్షిత మృత్తింటి కామత్ గారి పుస్తకం 2019లో వచ్చింది. దాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రెస్ వాళ్లు ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టారు. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అయితే ఉచితంగా ఉన్నంత మాత్రాన కూచిపూడిలో అందరూ చదవగలరా? భాష అడ్డం.

అమరావతి గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మన రాజధానికి ఆ పేరు పెట్టుకున్నాం కదా. ఒకసారి తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, “సార్, అమరావతి రాళ్లు లండన్‌కు ఎవరు ఎత్తుకుపోయారు?” అని అడిగింది. పాఠ్యపుస్తకంలో ఉన్నది రెండు లైన్లు. దానికి సరైన జవాబు చాలా పెద్దది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్త పట్నం కట్టించేటప్పుడు అక్కడి పాత బౌద్ధ స్తూపం దిబ్బలోంచి రాళ్లు తీయించడం, 1790ల చివర్లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూడటం, 1816లో ఆయనే మళ్లీ వచ్చి బొమ్మలు గీయించడం, 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించడం, ఆ శిల్పాలు మద్రాసులో ఎండకూ వానకూ పడి ఉండి 1859లో ఓడెక్కి లండన్ చేరడం, మిగిలినవి మద్రాసులోని ఎగ్మోర్ మ్యూజియంలో ఉండిపోవడం. ఎత్తుకుపోయారు అనే ఒక్క మాటలో ఇదంతా పట్టదు. మనవాళ్ల చేతుల్లో పోయిందెంత, కంపెనీ దొరల చేతుల్లో పోయిందెంత, వాళ్లు గీయించిన బొమ్మల వల్ల దక్కిందెంత అని విడదీసి చెప్పాలి. ఆ పని చేసిన పుస్తకాలున్నాయి. బ్రిటిష్ మ్యూజియం తన దగ్గరున్న శిల్పాల మీద 1992లో పెద్ద గ్రంథం వేసింది, 2016లో పరిశోధకుల వ్యాసాలతో ఇంకో సంపుటం తెచ్చింది. అకిరా షిమాడా అనే జపాన్ పండితుడు మహాస్తూపం మీద రాసిన పుస్తకాన్ని నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో అచ్చు వేశారు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిగింది. మన కృష్ణా తీరం శిల్పాలతో పాటు తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు కూడా అక్కడికి వెళ్లాయి. దానికి ఎంత అందమైన పుస్తకం వేశారో! మరుసటి ఏడాది ఆ శిల్పాలను సియోల్‌లో కూడా జనం చూశారు.

లండన్, లైడెన్, న్యూయార్క్, సియోల్. ఆ అమ్మాయి ఊరికి మాత్రం ఏదీ రాలేదు. ఆ రోజు నాకు తెలిసినంత చెప్పాను. తెలిసింది తక్కువే. మంచి ప్రశ్న వేసిన పిల్లకు సగం జవాబు ఇచ్చి కూర్చోబెట్టిన బాధ ఇప్పటికీ పోలేదు.

ఎవరు చదువుతారు అనే ప్రశ్నకు వస్తాను. మీరు ఏ జిల్లా కేంద్రంలోనైనా పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి చూడండి. గేటు తీయకముందే పిల్లలు బ్యాగులతో నిలబడి ఉంటారు. గ్రూప్స్ పరీక్షలకు ఆంధ్రప్రదేశ్ చరిత్ర, సంస్కృతి చదవాలి కదా. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు, అందులో నా శిష్యులు ఎందరో ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఉండేవి గైడ్లు. ఒక గైడులో ఉన్న తప్పే ఇంకో గైడులోనూ ఉంటుంది, అందరూ ఒకరిది చూసి ఒకరు రాసుకున్నవే. శాతవాహనుల శాసనాల గురించి పదేళ్ల కిందటి వరకు తెలియని సంగతులు ఇప్పుడు తెలిశాయి. 2016 మొదట్లో విదేశీ పండితుల బృందం మన రెండు రాష్ట్రాల్లో తిరిగి పాత శాసనాలను మళ్లీ చదివి, పాఠాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టింది. అందులో ఒక్క ముక్కయినా గైడ్లలోకి వచ్చిందా? నాకు కనబడలేదు. ఆ పిల్లలకు చదవాలని లేక కాదు, అందుబాటులో ఉన్నది అంతే.

పైగా ఇప్పుడు చరిత్ర అంటే ఫోన్‌లో వచ్చే వీడియో. ఫలానా రాజు ఫలానా కులం అని, ఫలానా గుడి ఫలానావాళ్లు కూల్చారని రాత్రికి రాత్రి ఒకటి తయారై ఊరంతా తిరుగుతుంది. మధ్యయుగాల దక్కనులో కోటలు, గుడులు ఎవరు కట్టారు, ఎవరు పడగొట్టారు, ఎవరు మళ్లీ నిలబెట్టారు అని వరంగల్లు రాళ్లు చూసి, శాసనాలు చూసి ఓపికగా రాసినవాళ్లు ఉన్నారు. వాళ్లు చెప్పేది ఎవరి పక్షానికీ పూర్తిగా నచ్చదు. అందుకే అది మా పిల్లల చేతికి రావాలని నా కోరిక.

మన తాతలు ఈ పని చేసి చూపించారు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టినప్పుడు కొమర్రాజు లక్ష్మణరావు గారి వెనక ప్రభుత్వం లేదు. మండలి మొదటి పుస్తకం అబ్రహాం లింకన్ జీవితచరిత్ర, రాసింది మన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. 1910లో చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్ర వచ్చింది. చరిత్ర, జీవితచరిత్ర, సైన్సు, అన్నీ తెలుగులో, మామూలు మనిషి కొనగలిగేలా తెచ్చారు. ఆ గాడిచర్ల గారే తర్వాత ఊరూరా గ్రంథాలయాలు కావాలని తిరిగారు. పుస్తకం రాయడం, అది ఊరికి చేర్చడం రెండూ ఒకటే పని అని ఆ తరం అనుకుంది. మనం రెండింటినీ విడగొట్టేశాం.

డబ్బు లేదంటారేమో. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మేం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు. నా ఇంటి పన్ను రసీదులో ప్రతి ఏడూ అది చూస్తూనే ఉన్నాను. వసూలైన సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ కాదనే మాట కూడా ఏళ్లుగా వింటూనే ఉన్నాను. ఆ బకాయిల లెక్క మీరొకసారి తెప్పించుకుని చూడండి. కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ పుస్తకాల కొనుగోలుకు రాష్ట్రాలకు సాయం చేస్తుంది. మైసూరులో జాతీయ అనువాద మిషన్ ఉంది, ఇలాంటి పుస్తకాలను భారతీయ భాషల్లోకి తేవడానికే పెట్టింది. అడగాల్సినవాళ్లు గట్టిగా అడిగితే ఇవన్నీ కదులుతాయి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మన ప్రాంతపు కళ, చరిత్ర, మతం, మనుషుల జీవితాల మీద కొత్తగా వచ్చిన మంచి పరిశోధన గ్రంథాల్లోంచి ఏడాదికి పది ఎంచుకోండి. ఎంచేవాళ్లలో ప్రొఫెసర్లతో పాటు ఒక లైబ్రేరియన్, ఒక స్కూలు మాస్టారు ఉండాలి. ఇంగ్లీషు ప్రతి ఒకటి ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పంపండి. హక్కులు తీసుకుని తెలుగులోకి తెప్పించండి. ఏ ఊరి మీద పుస్తకం వస్తే ఆ ఊరి లైబ్రరీకి, ఆ ఊరి బడికి మొదటి ప్రతులు వెళ్లాలి. తెలుగులోనే రాసి, సొంత డబ్బుతో 500 ప్రతులు వేసుకుని, అవి ఇంట్లో అటక మీద పెట్టుకున్న స్థానిక చరిత్రకారులు ప్రతి జిల్లాలో ఉన్నారు. లిస్టులో వాళ్లకూ చోటు ఇవ్వండి.

అనువాదం గురించి ఒక్క మాట. ఆ పని కంప్యూటర్‌కు అప్పజెప్పి చేతులు దులుపుకోవద్దు. ఇంగ్లీషు పుస్తకంలో మన మొక్కు ‘వౌ’ అయింది, జాతర ‘ఫెస్టివల్’ అయింది, వేషం ‘గైజ్’ అయింది. అవి తిరిగి తెలుగులోకి వచ్చేటప్పుడు వ్రతంగా, ఉత్సవంగా, మారువేషంగా రాకూడదు. చక్కెర చదివించడం అనే మాట తెలిసినవాళ్లు చేయాలి ఆ పని. అచ్చుకు పోకముందు ఆ ఊళ్లో నలుగురిని కూర్చోబెట్టి చదివి వినిపించాలి. వాళ్లు ఆపి చెప్పింది చివర్లో చేర్చాలి. మా వీధి పెద్దాయన చెప్పిన అరగంట మాట నేను నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. దాన్ని ఎవరికి ఇవ్వాలో నాకు తెలియడం లేదు.

ఆయనకు ఇప్పుడు డెబ్బై దాటింది. మళ్లీ మొహర్రానికి ఫకీరు అవ్వడానికి ఒంట్లో శక్తి ఉంటుందో లేదో అంటున్నాడు. రోడ్డు మీద కనబడినప్పుడల్లా, “సార్, ఆ పుస్తకం తెలుగులో వచ్చిందా?” అని అడుగుతున్నాడు. ఆయనకు ఏం చెప్పాలో మీరు రాస్తే, అదే చెప్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు,
అనంతపురం జిల్లా