బండి ఆపినా ఫ్యాన్ తిరుగుతోందని కంగారు పడకు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? తిరుమలలో దర్శనం బాగా జరిగిందన్నావు, చాలా సంతోషం. ఫోన్‌లో సిగ్నల్ లేక సగం సగమే మాట్లాడుకున్నాం కదా, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కొండ మీద బండి ఆపి తాళం తీసినా బానెట్ కింద రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉందని కంగారు పడ్డావు కదా. ముందు ఒక్క మాట. తాళం తియ్యగానే ఫ్యాన్ కూడా ఆగిపోయేలా వైరింగ్ మారుస్తానన్నాడే ఆ మెకానిక్, అతనితో ఆ పని మాత్రం చేయించకు. నీ ఇంజిన్‌ని కాపాడుతున్నదే ఆ ఫ్యాను.

అలిపిరి నుంచి పైదాకా మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, నిండా మనుషులతో చిన్న గేర్లలో ఎక్కావు. పార్కింగ్ దొరకగానే ఆపేశావు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ వాటర్ పంపు కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య తిప్పుతూనే ఉంటుంది. చాలా బళ్లలో ఆ పంపు ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి, ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది. కూలెంట్ ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. మరి సిలిండర్ హెడ్‌లో ఉన్న వేడి ఏమవుతుంది? పొయ్యి ఆర్పేసినా పెనం మీద అట్టు మాడుతుంది చూడు, అలాగే ఆ వేడంతా నిలిచిన కూలెంట్‌లోకి దిగుతుంది. అందుకే బండి ఆపిన కాసేపటిదాకా వేడి తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. మామూలుగా 90 డిగ్రీల దగ్గర ఉండేది 100 దాటినా దాటుతుంది. సెన్సర్ అది పసిగట్టగానే రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే స్విచ్, కలుస్తుంది, తాళంతో పని లేకుండా బ్యాటరీ కరెంటుతో ఫ్యాన్ తిరుగుతుంది.

పంపు ఆగాక ఫ్యాన్ తిరిగి ఏం లాభం అని అడిగావు, మంచి ప్రశ్న. రేడియేటర్‌లో ఉన్న కూలెంట్‌ని అది చల్లబరుస్తుంది. అంతకన్నా ముఖ్యం, బానెట్ కింద కమ్ముకున్న వేడి గాలిని బయటికి తోసేస్తుంది. రబ్బరు గొట్టాలు, వైర్లు, ప్లాస్టిక్ సామాన్లు తొందరగా పెళుసెక్కకుండా ఉండేది దానివల్లే.

"మా అంబాసిడర్‌లో ఇలా ఎప్పుడూ లేదు" అని నాన్నగారు అన్నారట. ఆయన మాట నిజమే. ఆ బండిలో ఫ్యాన్ బెల్టుకే ఉండేది, ఇంజిన్ ఆగితే ఆగిపోవాల్సిందే.

ఇంకో సంగతి. నీది బీఎస్6, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం తయారైన డీజిల్ బండి. సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు బండి తనంతట తానే ఆ మసిని దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో నువ్వు ఇంటి ముందు ఆపేశావనుకో, కూరగాయల బజారుకి వెళ్లొచ్చినా సరే, ఫ్యాన్ హోరుమని తిరుగుతుంది. కాలిన వాసన కూడా రావచ్చు. తరచూ ఇలా మధ్యలో ఆగిపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది. వీలు చూసుకుని నెల్లూరు దాటి హైవే మీద ఓ ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడిపి రా.

మరి ఎప్పుడు అనుమానించాలి? రెండు మూడు నిమిషాలు తిరిగి ఆగితే నిశ్చింతగా ఉండు. ఎండలో ఘాట్ ఎక్కి ఆపితే పది నిమిషాలైనా ఫర్వాలేదు. కానీ రాత్రంతా చల్లబడిన బండిలో, తాళం పెట్టకుండానే తిరుగుతోందంటే రిలే పాయింట్లు అతుక్కుపోయి ఉంటాయి. రిలే పీకితే ఫ్యాన్ ఆగిపోతుంది. పెద్ద ఖర్చు లేని రిపేరే, కానీ వదిలేస్తే కొన్ని గంటల్లో బ్యాటరీ ఖాళీ. స్టార్ట్ చెయ్యగానే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే ఫుల్ స్పీడులో మొదలైతే మాత్రం టెంపరేచర్ సెన్సర్‌నో దాని కనెక్టర్‌నో చూపించు. సెన్సర్ లెక్క అందకపోతే కంప్యూటర్ ముందుజాగ్రత్తగా ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పుతుంది. కూలెంట్ తగ్గినా ఫ్యాన్ పని పెరుగుతుంది.

వేడి మీద రేడియేటర్ మూత పొరపాటున కూడా తియ్యకురా, లోపల ప్రెషర్‌తో మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. బండి ఆపి ఉంది కదా అని రెక్కల దగ్గర చెయ్యి పెట్టొద్దు, ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం. పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వకు.

రేపు పొద్దున్న స్టార్ట్ చెయ్యకముందే బానెట్ ఎత్తి, కూలెంట్ డబ్బా మీద రెండు గీతల మధ్య నీళ్లు ఎక్కడున్నాయో ఫోటో తీసి పంపు. చూసి ఫోన్ చేస్తాను.

నీ
రఘు