శనివారం చార్మినార్ దగ్గర రికార్డింగ్

అందరికీ నమస్తే. ఈ శనివారం పొద్దున పదకొండింటికి చార్మినార్ దగ్గర కలుద్దామండి. ఈసారి వరక్, అంటే మిఠాయిల మీద అద్దే పల్చటి వెండి రేకు, కొట్టే చప్పుడు రికార్డ్ చేద్దాం.

పోయిన వారం అలాంటి ఒక దుకాణం ముందు పావుగంట నిలబడ్డాను. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి, పైనుంచి సుత్తితో కొడుతూనే ఉంటారు. దెబ్బ ఖంగుమనదు, ధప్ ధప్‌మని బరువుగా పడుతుంది. ఇద్దరు పక్కపక్కన కొడుతుంటే రెండు లయలూ కాసేపు కలుస్తాయి, మళ్లీ విడిపోతాయి. వింటుంటే కదలబుద్ధి కాలేదు. నా రికార్డింగ్ మాత్రం సగంలో ఆగిపోయింది, ఫోన్ వచ్చింది. మీరు ముందే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి.

సౌండ్‌ని కుదించని వేవ్ ఫైల్‌గానే తీయండి, ఎంపీ3 వద్దు. రికార్డింగ్ లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి. సుత్తి దెబ్బకి సౌండ్ పగిలిందంటే తర్వాత బాగుచేయడం కష్టం. పనివాళ్లని అడిగి, వాళ్లు సరేనన్నాకే మైక్ బయటికి తీద్దాం.

1948లో పారిస్‌లో పియెర్ షఫేర్ అనే ఫ్రెంచ్ సంగీతకారుడు రైళ్ల చప్పుళ్లు రికార్డ్ చేసి, వాటితోనే సంగీతం కట్టాడు. మన ఊళ్లో ఈ సుత్తులున్నాయి. యంత్రాలొచ్చాక చేత్తో కొట్టేవాళ్లు తగ్గిపోయారు, అందుకే వాయిదా వేయొద్దంటున్నాను.

హెడ్‌ఫోన్స్ మర్చిపోకండి. వచ్చేవాళ్లు శుక్రవారం లోపు ఇక్కడే చెప్పండి.