వార్షిక నివేదిక 2024-25: సూపర్‌హీరోలూ, శాలరీ స్లిప్పులూ

సభ్యులందరికీ నమస్కారం.

క్రోధి ఉగాది నుంచి మొన్నటి విశ్వావసు ఉగాది దాకా బెంగళూరు మారతహళ్లిలో మన సంఘం చేసిన పనుల లెక్క ఇది. వినాయక చవితి, కార్తీక వనభోజనాలు ఎప్పట్లాగే జరిగాయి. ఫొటోలు మీ అందరి ఫోన్లలో ఉన్నాయి కాబట్టి మళ్లీ రాయను. 2024 వేసవిలో మాత్రం కొన్నాళ్లు ఏ కార్యక్రమమూ పెట్టలేదు. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియక ఎవరూ గేటు దాటని రోజులవి.

కొత్తగా చేసింది ఒక్కటే. నెలలో మూడో ఆదివారం సాయంత్రం పిల్లలూ పెద్దలూ కూర్చుని సూపర్‌హీరో సీరీస్‌ల గురించి మాట్లాడుకోవడం. ఆలోచన పిల్లలది. "పద్యాల పోటీ పెడితే రాం, ఇది పెడితే వస్తాం" అని మొహమాటం లేకుండా చెప్పేశారు. దీనికి కమిటీలో అడ్డం చెప్పింది నేనేనని మినిట్స్‌లో ఉంది. ఉండనివ్వండి.

మొదటి తప్పూ నాదే. హాల్లో తెర కట్టి చూపిద్దామని ప్రొజెక్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాను. ఇంట్లో చూసుకోవడానికి కట్టిన ఓటీటీ చందాతో హాల్లో అందరికీ వెయ్యకూడదని మన లాయరు గారు చెప్పేసరికి ఆలస్యమైంది. అడ్వాన్స్ తిరిగి రాలేదు. ఆ డబ్బు నా జేబులోదే, సంఘం ఖాతాలో వెతక్కండి. అప్పట్నుంచి ఎవరింట్లో వాళ్లు చూసి వస్తున్నాం, ఇక్కడ మాటలు మాత్రమే.

మా వయసు వాళ్లకి సూపర్‌హీరో అంటే శక్తిమాన్. 1997లో దూరదర్శన్‌లో మొదలైంది. ముఖేష్ ఖన్నా గిర్రున తిరుగుతూ వచ్చి గండం తప్పించి, పిల్లలకు రెండు మంచి మాటలు చెప్పి వెళ్లేవాడు. గంగాధర్ వేషంలో పత్రికాఫీసులో పనిచేసేవాడు కానీ, నెలాఖరుకి చేతిలో డబ్బుల్లేవని అతను బాధపడటం చూసిన గుర్తు మాలో ఎవరికీ లేదు. ఈ తరం హీరోలకి ఆ బాధే ఎక్కువ. సంవత్సరమంతా గమనించాను, ఫైటింగులప్పుడు ఫోన్లు చూసుకున్నామని ఒప్పుకున్న పెద్దలే, హీరో ఏదో ఒక కౌంటర్ ముందు నిలబడిన సీన్ దగ్గర మాత్రం అరగంట మాట్లాడారు.

'ది ఫాల్కన్ అండ్ ది వింటర్ సోల్జర్' 2021 నాటిది, అయినా పిల్లలు పట్టుబట్టి మొదట దాన్నే పెట్టారు. మొదటి ఎపిసోడ్‌లో ఫాల్కన్ అనే హీరో సామ్ విల్సన్ తన తోబుట్టువుతో కలిసి లూసియానాలో బ్యాంకుకి వెళ్తాడు. ఇంటి చేపల పడవ నిలబెట్టుకోవడానికి అప్పు కావాలి. బ్యాంకాయన మురిసిపోయి ఫొటో దిగుతానంటాడు. ఆ తరవాత, అయిదేళ్లుగా మీకు ఆదాయం లేదు కదా అంటాడు. ఆ అయిదేళ్లూ సామ్ సహా సగం లోకం మాయమైపోయిన కాలం! అప్పు మాత్రం పుట్టదు.

ఇక్కడ మన సభ్యుడొకాయన అందుకున్నారు. స్టార్టప్ మూతపడి పద్నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాక మళ్లీ మంచి ఉద్యోగంలో చేరి హోమ్ లోన్‌కి వెళ్లారట. కౌంటర్ అవతలి అమ్మాయి "ఈ గ్యాప్ ఏంటి సార్" అని ఫైల్లో అక్కడే పెన్నుతో పొడుస్తూ కూర్చుందట. "ఆ నీలం చుక్కలు నాకింకా కనపడుతుంటాయి" అన్నారు. "అయితే అంకుల్, మీరూ మాయమైపోయారన్నమాట" అన్నాడో పిల్లాడు. ఆయనే ముందు నవ్వారు.

డిగ్రీ చదివే అమ్మాయి మాత్రం నవ్వలేదు. సామ్ నల్లవాడు కాబట్టే కథ అలా నడిచిందని ఆమె వాదన. ప్రయోగాలకు వాడుకుని, ఆపైన ముప్ఫై ఏళ్లు జైల్లో పెట్టిన నల్ల సైనికుడు ఐజయా బ్రాడ్లీని చూపించిందీ ఈ సీరీసే. "ఇక్కడ అద్దె ఇంటికి వెళ్తే వెజ్జా నాన్‌వెజ్జా అని ఎందుకు అడుగుతారో మనకి తెలీదా?" అంది. ఎవరూ జవాబు చెప్పలేదు. టీ రావడంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆగకూడదనిపించింది నాకు.

'ది బాయ్స్' పెద్దలకు మాత్రమే. మొదట్లోనే ఒక స్పీడు హీరో దారిలో ఉన్న అమ్మాయిని గుద్ది చంపేస్తాడు. ఆ హీరోల్ని నడిపే కంపెనీవాళ్లు ఆమె ప్రియుడికి 45,000 డాలర్లు ఇస్తామంటారు, నోరు మెదపనని సంతకం పెట్టాలి. "ఎక్స్‌గ్రేషియా" అని ఒకేసారి నాలుగు గొంతులు. 2024 జూలైలో ట్రంప్ మీద కాల్పులు జరిగిన కొద్దిరోజులకే నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్ రావాల్సి ఉంది. దానికి హత్యను సూచించే పేరుంటే మార్చేశారు. కోపం సరైనదే కానీ నెత్తురు మరీ ఎక్కువ. నేను మూడో సీజన్లో మానేశాను.

'మిస్ మార్వెల్' దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. 1947 విభజన రైళ్ల కథ బాగుంది. కాకపోతే విభజన అనగానే మనవాళ్లు 2014లోకి వెళ్లిపోయారు, వెనక్కి తీసుకురావడం నా వల్ల కాలేదు.

అందరికీ నచ్చింది 'సూపాసెల్'. 2024 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ఆరే ఎపిసోడ్లు. దక్షిణ లండన్‌లో అయిదుగురు మామూలు నల్లజాతి మనుషులు, అందులో ఒకరు డెలివరీ డ్రైవరు, ఒకరు నర్సు. ఉన్నట్టుండి శక్తులొస్తాయి. వాళ్లందరి కుటుంబాల్లోనూ సికిల్ సెల్ జబ్బు ఉందని చివర్లో తెలుస్తుంది. పాడేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ల్యాబ్‌లో పనిచేసే మన సభ్యురాలు అప్పుడు లేచారు. బోర్డు మీద ఒక సున్నా, పక్కన వరి కోసే కొడవలి గీశారు. ఎర్ర రక్తకణం ఇలా ఉండాల్సింది ఇలా వంగుతుంది, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది, నొప్పికి పిల్లలు మెలికలు తిరిగిపోతారు అన్నారు. "మా వైపు ఈ జబ్బుతో శక్తులు రావు, బడి పోతుంది." తల్లికీ తండ్రికీ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. 2047కల్లా దీన్ని లేకుండా చేయాలని కేంద్రం 2023 జూలైలో మిషన్ మొదలుపెట్టిందనీ, ముందు చిన్న రక్తపరీక్ష, తేడా ఉంటే ఖాయం చేసుకోవడానికి హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ పరీక్ష చేస్తారనీ చెప్పారు. కూతురి పెళ్లి కుదుర్చుకుంటున్న ఒకావిడ, జాతకాలతో పాటు ఇదీ చూడాలా అని అడిగారు. "జాతకాల కన్నా ముందు చూడండమ్మా" అన్నారు ఈవిడ. బోర్డు మీది కొడవలి తరవాతి నెల దాకా చెరపలేదు.

మార్చిలో 'డేర్‌డెవిల్: బార్న్ ఎగైన్'. అప్పటికి సీరీస్ ఇంకా పూర్తిగా రాలేదు. దుర్మార్గుడే న్యూయార్క్ మేయరయ్యాడంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇందులో హీరో అయిన చూపులేని లాయరు చెవులతోనే దారి కనిపెడతాడు కదా, చూపులేని మన సభ్యుడొకాయన అన్నమాట ఇది: "బాగానే ఉంది, కానీ ఔటర్ రింగ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద నిలిపిన బైకులు చప్పుడు చెయ్యవండీ."

లెక్కల పత్రం కోశాధికారి గారు నోటీసు బోర్డులో పెట్టారు. మే మూడో ఆదివారం హాలు పెళ్లికి ఇచ్చేశారు కాబట్టి నాలుగో ఆదివారం అదే టైముకి రండి. డేర్‌డెవిల్ మిగతా ఎపిసోడ్లు చూసేసినవాళ్లు దయచేసి చివరేమైందో లిఫ్టులో చెప్పేయకండి.

ఇట్లు,
కార్యదర్శి