అల్లిక బృందం వార్షిక నివేదిక – 2024

సభ్యులందరికీ నమస్కారం. షికాగో శివార్లలోని మన తెలుగువాళ్ల సంఘం తరఫున అల్లిక బృందం ఈ ఏడాది చేసిన పనుల వివరాలివి. జమాఖర్చులు కోశాధికారి విడిగా ఇస్తారు కనుక వాటి జోలికి వెళ్లను.

ఈసారి ఎక్కువ కాలం క్రిస్మస్‌కి కానుకలు నింపి తగిలించే స్టాకింగులే తినేశాయి. కాలికి తొడిగేది కాదు కదా, ఎలా అల్లినా చెల్లుతుందనుకున్నవాళ్లకి మడమ దగ్గర చుక్కలు కనిపించాయి. అరవై కుట్లతో గుండ్రంగా దిగి, సగం కుట్లు పక్కన ఆపి, మిగతా ముప్ఫై మీదే ముందుకీ వెనక్కీ పట్టీ అల్లాలి. ఆపైన వరుస పూర్తికాకుండానే వెనక్కి మళ్లి, రెండేసి కుట్లు కలుపుకుంటూ పోతే మడమకి ఒంపు వస్తుంది. పట్టీ అంచుల వెంట మళ్లీ కుట్లు ఎత్తుకునే చోట చెయ్యి వదులైతే చిల్లులే. నాలుగో నంబరు (మధ్యరకం మందం) ఊలుకి లేబుల్ మీద సాధారణంగా నాలుగున్నర, అయిదు మిల్లీమీటర్ల సూదులు రాసి ఉంటాయి. మనం నాలుగు మిల్లీమీటర్ల సూదులతోనే అల్లాం. నారింజలూ బొమ్మలూ నింపాక బరువుకి సాగి నేలకి వేలాడకుండా ఆ బిగువు కావాలి. లోపల నూలు గుడ్డ లైనింగ్ తప్పనిసరి చేశాం. ఫైర్‌ప్లేస్ దగ్గర తగిలించేవారికి అక్రిలిక్ వద్దని చెప్పాం. ఊలు అంత తేలిగ్గా అంటుకోదు, అక్రిలిక్ అయితే కరిగి అతుక్కుంటుంది.

క్రిస్మస్ చెట్టుకి వేలాడే లేసు మంచుపువ్వుల బాధ్యత నరసాపురం వైపు నుంచి వచ్చిన మన పిన్నిగారిది. కొత్తవాళ్లు ఎనిమిది రెక్కలు వేసుకొస్తే, "మంచుకి ఆరేనమ్మా, విప్పు" అని నవ్వుతూనే విప్పించారు. గట్టిపడటానికి ఇక్కడివాళ్లు చక్కెర పాకంలో ముంచుతారు. ఆవిడ ఒప్పుకోలేదు, చీమలకి విందని. చిక్కటి గంజిలో ముంచి, ప్లాస్టిక్ పరిచిన థర్మోకోల్ మీద ఒక్కో రెక్క కొస లాగి గుండుసూది గుచ్చి రాత్రంతా ఆరబెట్టించారు. పొద్దున చూస్తే కాటన్ చీర మడతలా పెళపెళలాడాయి.

వీటిని అమ్మకానికి పెట్టిన బజారులో మాత్రం చేదు తప్పలేదు. పెద్ద దుకాణాల మిషను సరుకు ధర చూపి బేరమాడినవారే ఎక్కువ, అందులో మనవాళ్లూ ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషా (కొక్కెం సూదితో అల్లే) లేసుని నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు ఇళ్లలోనే కూర్చుని తరతరాలుగా అల్లుతున్నారు. ఏజెంటు ఇచ్చిన దారం లెక్కన కూలి, పట్టిన పొద్దు లెక్కన కాదు. ఈ ఏడాదే దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. సంతోషమే, కానీ పేరుతో పాటు కూలీ పెరగాలి కదా. సీమసరుకు కొనేటప్పుడు నోరెత్తని మనం చేతిపని దగ్గరే ఎందుకు గీచిగీచి అడుగుతామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అందుకే కార్యవర్గం రెండు తీర్మానాలు చేసింది. స్టాకింగులు ఇకమీదట అమ్మం, ఆశ్రయ గృహాల్లోని పిల్లలకే ఇస్తాం. వచ్చే డిసెంబరు స్టాలుకి కొన్ని లేసు నక్షత్రాలు నరసాపురం ప్రాంతపు మహిళా సంఘాల నుంచి నేరుగా, వాళ్లు చెప్పిన ధరకే కొంటాం. ఎవరి ద్వారా తెప్పించాలన్నది ఇంకా తేలలేదు. అక్కడ బంధువులున్నవారు ముందుకు రావాలి.

జనవరి తరగతిలో మళ్లీ మడమతోనే మొదలు. ఊలు సంఘం ఇస్తుంది, సూదులు మీరు తెచ్చుకోండి.

– కార్యదర్శి, అల్లిక బృందం