ఎనిమిదో తరగతి ప్రాజెక్టు: బేరి తిమ్మన్న, చెన్నపట్నం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం ప్రాజెక్టు చెన్నపట్నం పుట్టుక. చిత్తుప్రతుల్లో ఎక్కువమంది "1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసును కొన్నాడు" అని మొదలుపెట్టారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి డే దాన్ని కొనలేదు. ఈ ప్రాంతాన్ని ఏలిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇచ్చింది కౌలు, అంటే షరతులతో కూడిన హక్కుపత్రం: కోట కట్టుకోవచ్చు, నాణేలు వేసుకోవచ్చు, కంపెనీ సరుకుకు సుంకం లేదు, రెండేళ్ల తర్వాత రేవు ఆదాయంలో సగం నాయకుడిది. చెన్నపట్నం అన్న పేరు నాయకుడి తండ్రి చెన్నప్ప పేరిట వచ్చింది. కౌలు తేదీ కొన్ని పుస్తకాల్లో జూలై 22, కొన్నింట ఆగస్టు 22. పిల్లలు ఏది రాసినా కొట్టేయకండి.

ఈ బేరంలో డేకి తోడు నిలిచిన దుబాసీగా చెప్పుకునే తెలుగు వర్తకుడు బేరి తిమ్మన్న. దుబాసీ అంటే రెండు భాషలవాడు. మాట మార్చి చెప్పడం అతని పనిలో చిన్న భాగమే. ఇంగ్లీషువాళ్లు అంతకుముందు దుగరాజపట్నం దగ్గర, వాళ్ల కాగితాల్లో ఆర్మగాన్, కొట్లు పెట్టి అక్కడ బట్ట సరిగ్గా దొరకక ఇబ్బంది పడ్డారు. ఇక్కడ బట్ట 20 శాతం చవక అని డే రాశాడు. ఆ చవక నిలవాలంటే మగ్గాలు కోట పక్కకే రావాలి. ఏడాది తిరిగేసరికి 300–400 చేనేత కుటుంబాలు చేరాయని కంపెనీ ఉత్తరాలు చెబుతున్నాయి.

ప్రాజెక్టులో అసలు అర్థం కావలసింది బయానా. కంపెనీ వర్తకుడికి డబ్బు ముందే ఇస్తుంది, వర్తకుడు సాలెవాళ్లకు ఇస్తాడు, వాళ్లు నూలు కొని నేస్తారు. నేసిన తానును నమూనాతో పోల్చి, కొలిచి, చలువ చేయించి, బేళ్లు కట్టాలి. మద్రాసుకు అప్పట్లో రేవుకట్ట లేదు. ఓడ దూరంగా నిలిచేది, బేళ్లు మేకుల్లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవల మీద అలలు దాటాలి. అక్టోబరు మధ్య నుంచి తుపానుల కాలం కాబట్టి ఓడ ఆగదు. బట్ట పది రోజులు ఆలస్యమైతే డబ్బు వచ్చే ఏటిదాకా ఇరుక్కుంటుంది. నమూనాకు సరిపోని తాను వెనక్కి వస్తే ఆ నష్టం మొదట వర్తకుడి నెత్తినే.

ఇంట్లో ఈ ఊహాలెక్క చేయించండి. 50 మగ్గాలకు తలా 10 వరహాలు (బంగారు నాణేలు) బయానా. తానుకు వరహా చొప్పున 500 తానులు రావాలి, అయిదింట ఒకటి తిరస్కరించారు. ఇరుక్కున్నది 100 వరహాలు. తర్వాతి కాలపు కంపెనీ లెక్కలో వరహాకు 36 పణాలు, పణానికి 80 కాసులు: మొత్తం 2,88,000 కాసులు. నోటితో చెప్పిస్తే చాలదు, కాగితం మీద వేయించండి.

తిమ్మన్న 1640లలో చెన్నకేశవ పెరుమాళ్ గుడి కట్టించాడని చెబుతారు. అసలు చోటు ఇప్పటి హైకోర్టు దగ్గర. 1757 ప్రాంతంలో కోట చుట్టూ ఖాళీ జాగా కోసం దాన్ని తీసేసి, 1760లలో పూల బజారులో మళ్లీ కట్టారు. పిల్లలు ఈ రెండు గుళ్లనూ ఒకటి చేసేస్తున్నారు, తేదీలు విడివిడిగా రాయించండి.

తిమ్మన్న భాగస్వామి కాశీ వీరన్న 1680లో చనిపోయాడు. కంపెనీ కాగితాల్లో ఇతను 'కాసా వెరోనా'. ఇటలీవాడనుకుని ఒకరు పటం కూడా అతికించారు! ఆ తర్వాత తిమ్మన్న తమ్ముడు పెద్ద వెంకటాద్రి కంపెనీకి ముఖ్య వర్తకుడయ్యాడు. అదే ఏడు అద్దకపు పనివాళ్లు, మరికొందరు అతని మీద కోపంతో మద్రాసుకు దక్షిణాన ఉన్న శాంథోముకు తరలి, పట్నానికి సరుకు రాకుండా అడ్డుకున్నారు. వర్తకుడిని మహానుభావుడిగా మాత్రమే చూపే వ్యాసానికి ఇది చేర్చితేనే పూర్తి మార్కులు.

చెన్నైలో బంధువులుంటే పూల బజారు గుడి ఫొటో తెప్పించండి, గర్భగుడి లోపల తీయవద్దు. నోటుపుస్తకం శనివారంలోగా తరగతి ఉపాధ్యాయులకు చేరాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు