శాంకరీదేవికి కొన్న గాజులు

సత్యనారాయణపురం, విజయవాడ
ఆదివారం రాత్రి

బావా,

ఎలా ఉన్నావు? నువ్వు పంపిన ఓడ ప్రయాణం ప్లాన్ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. సింగపూర్, పెనాంగ్, ఫుకెట్, మళ్లీ సింగపూర్. ఏ గంటకి ఎక్కడుండాలో, ఎక్కడ తినాలో అన్నీ రాసేశావు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోనైతే పది నిమిషాల్లో పిల్లల మార్కుల మీదికి వెళ్లిపోతాం. ఇది తీరిగ్గా చెప్పాల్సిన సంగతి. డబ్బు కట్టేలోపు నీకు తెలియాలి.

మేం శ్రీలంక వెళ్లొచ్చిన ఫొటోలు చూశావు కదా. వాటిలో ట్రింకోమలీ లేదు. నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. అసలు ఆ ఓడ ఎక్కిందే ట్రింకోమలీ కోసం.

అమ్మ సంగతి నీకు తెలియంది కాదు. పొద్దున్నే దీపం పెట్టి అష్టాదశ శక్తిపీఠాల పేర్లు చదవందే కాఫీ ముట్టదు. మన వైపున్న నాలుగూ, అలంపురం జోగులాంబ, శ్రీశైలం భ్రమరాంబ, పిఠాపురం పురుహూతిక, ద్రాక్షారామం మాణిక్యాంబ, ఎప్పుడో చూసేసింది. కానీ శ్లోకంలో మొట్టమొదటి పేరు లంకలో ఉన్న శాంకరీదేవిది. "మొదటి పేరే మిగిలిపోయిందిరా" అంటుండేది. ట్రింకోమలీలో సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ మీద కోణేశ్వరం గుడి ఉంది. ఆ పీఠం అక్కడే అని మనవాళ్ల నమ్మకం. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడగొట్టేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టుకున్నది. చెన్నైలో ఎక్కితే హంబన్‌తోట, ట్రింకోమలీ, జాఫ్నా దగ్గరి కాంకేసంతురై చూపించి, ఐదు రాత్రుల తర్వాత మళ్లీ చెన్నైలోనే దించే ఓడ ఉందని తెలిసింది. ఇంకేం ఆలోచించలేదు బావా. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఓడైతే సామాను మోసే పనిలేదు, మనం పడుకున్న గదే మనల్ని ఊరూరా తిప్పుతుంది.

బయల్దేరే ముందురోజు వన్‌టౌన్ తీసుకెళ్లమంది. రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు, ఎర్ర జాకెట్టు ముక్క, పసుపు, కుంకుమ కొంది. గాజులు డజను చొప్పున దారంతో కట్టించి, పాత నూలుచీర ముక్కలో చుట్టి, స్టీలు డబ్బాలో సర్దింది. చెన్నై పోర్టులో స్కానర్ దగ్గర ఆ డబ్బా తెరవమన్నారు. అమ్మ మూత తీసి "అమ్మవారికి" అంది, అంతే. ఆ సెక్యూరిటీ అమ్మాయి వేలితో గాజుల్ని ఒకసారి తాకి, కళ్లకద్దుకుని పంపించేసింది.

హంబన్‌తోటలో అంతా అనుకున్నట్టే జరిగింది. కతిర్‌గామం వెళ్లి సుబ్రహ్మణ్యస్వామిని చూసుకుని సాయంత్రానికి ఓడ ఎక్కేశాం. రాత్రి భోజనాల దగ్గర మైకులో కెప్టెన్ గొంతు వినిపించింది. ట్రింకోమలీ దగ్గర గాలి ఎక్కువగా ఉంది, ఓడని రేవులోకి తీసుకెళ్లడం క్షేమం కాదు, రేపంతా సముద్రంలోనే ఉంటాం, ఎల్లుండి కాంకేసంతురై. రెండు నిమిషాల్లో అయిపోయింది. అమ్మ పెరుగన్నం కలుపుకుంటూ "ఏమంటున్నాడు?" అంది. నాకు నోరు రాలేదు. మీ చెల్లే చెప్పింది. అమ్మ ఆ ముద్ద తిని చెయ్యి కడుక్కుంది.

నేను కోపంగా రిసెప్షన్‌కి వెళ్లాను. అప్పటికే అక్కడ ముప్ఫై మంది దాకా లైన్లో ఉన్నారు. అక్కడున్న ఆఫీసరు ఓపిగ్గా చెప్పాడు. ఇంత ఎత్తు ఓడ పక్కనుంచి చూస్తే పెద్ద గోడ. గాలికి అది తెరచాపలా పనిచేస్తుంది. నడిసముద్రంలో వేగంగా పోతుంటే ఫరవాలేదు, రేవు దగ్గర వేగం తగ్గించాక మాత్రం గాలి ఎటు నెడితే అటు జరిగిపోతుంది. పక్కన గట్టు, ఎదురుగా వేరే ఓడలు. అంతమందిని పెట్టుకుని ఏ కెప్టెన్ అయినా ఆ సాహసం చెయ్యడు. తర్వాత టికెట్ షరతులు తీసి చదివాను. ముందే చదవాల్సింది. ఏ రేవునైనా వదిలేయొచ్చు, వరస మార్చొచ్చు, వేరే రేవుకి తీసుకెళ్లొచ్చు, దానికి పరిహారం అడగడానికి లేదు. దాదాపు అన్ని ఓడల కంపెనీలదీ ఇదే పద్ధతి. మాకు తిరిగొచ్చింది ఆ రేవు తాలూకు పోర్టు ఫీజు ఒక్కటే. అదీ ఓడలో ఖర్చుపెట్టుకునే ఖాతాలో వేశారు.

గదికి వచ్చి నేను చిందులు తొక్కుతుంటే అమ్మ ఏమందో తెలుసా? "దసరాకి తెప్పోత్సవం చూడలేదట్రా నువ్వు? బ్యారేజీకి వరద ఎక్కువుంటే హంసవాహనాన్ని ఘాటు దగ్గరే ఉంచి పూజ చేసేస్తారు. దుర్గమ్మకే నదీవిహారం ఆగిపోయిన ఏళ్లున్నాయి. పాపం ఆ అబ్బాయి మీద అరుస్తావేం?" కెప్టెన్‌ని అబ్బాయి అంది. నాకు మాట రాలేదు. కృష్ణ ఒడ్డున పుట్టి, 2024 సెప్టెంబరులో బ్యారేజీ మీద నుంచి 11 లక్షల క్యూసెక్కులు పైగా పోవడం చూసినవాణ్ని, నీటి ముందు మన టైంటేబుల్ ఎంతో నాకు తెలియాలి కదా. కానీ ఆ రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చి చూస్తే, అమ్మ లైటు వెయ్యకుండా డబ్బా మూత తీసి గాజులు తడుముకుంటోంది. అది చూశాక నాకు తెల్లవార్లూ నిద్రపట్టలేదు.

మర్నాడు గదిలో టీవీలో ఓడ ఎక్కడుందో చూపించే మ్యాప్ పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం చుక్క ట్రింకోమలీకి ఎదురుగా వచ్చింది. నా చెయ్యి పట్టుకుని డెక్ మీదికి వచ్చింది. పడమటి వైపు కమ్మీ పట్టుకుని నిలబడింది. ఒడ్డు కనపడలేదు, మబ్బూ నీళ్లూ తప్ప ఏమీ లేదు. గాలికి కొంగు తలమీద నిలవడం లేదు. ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఉండటంతో రెండు చేతులూ జోడించడానికి కుదరక, నన్ను వెనకనుంచి పట్టుకోమని చెప్పి దణ్ణం పెట్టుకుంది.

ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది బావా. ట్రింకోమలీలో వ్యాను కోసం తెలిసినవాళ్ల ద్వారా ఒక తమిళ డ్రైవర్‌తో మాట్లాడుకున్నాను. సముద్రంలో సిగ్నల్ లేదు. ఓడ వైఫై డబ్బులెక్కువని కొనలేదు. రావడం లేదని అతనికి చెప్పలేకపోయాను. కాంకేసంతురైలో ఫోను కలవగానే అతని మెసేజీలు వరసగా పడ్డాయి. తెల్లవారుజామున ఐదింటికే వచ్చి పోర్టు గేటు దగ్గర నిలబడ్డాడట. చివరి మెసేజ్ పదకొండింటికి, "అమ్మగారికి ఒంట్లో బాగానే ఉందా సార్?" అని. అమ్మకి మోకాళ్ల నొప్పులని చెప్పి ఉన్నానులే. వెంటనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, వద్దంటున్నా సగం రోజు కిరాయి పంపించాను. నువ్వు మాత్రం బయటి బండి ఏది మాట్లాడుకున్నా, ఓడ పేరు, తేదీ ముందే ఇచ్చెయ్. ఓడ రాకపోతే డబ్బు సంగతి ఏంటో అప్పుడే తేల్చుకో. ఓడవాళ్ల టూరైతే రేవు తప్పినప్పుడు డబ్బు వాళ్లే వెనక్కి వేస్తారు. ఆ రోజు ఒక్కదానికైనా వైఫై కొనుక్కో.

ఇప్పుడు నీ ప్లాన్ సంగతి. పిల్లల కోరికంతా ఫుకెట్ మీద పెట్టావు. స్పీడ్‌బోటు, ఫీఫీ దీవులు, బీచి. మీరు వెళ్లేది మే చివర. అప్పటికి అక్కడ నైరుతి రుతుపవనాల గాలి మొదలైపోతుంది, అక్టోబరు దాకా ఉంటుంది. పైగా ఫుకెట్‌లోని పటోంగ్ బీచి దగ్గర పెద్ద ఓడలు గట్టుకి ఆనవు. దూరంగా లంగరు వేసి, చిన్న పడవల్లో మనుషుల్ని దింపుతారు. అలలు ఎక్కువుంటే ఆ పడవలు తిప్పరు. అంటే మీ మూడు రేవుల్లో తప్పిపోయే అవకాశం అన్నిటికంటే ఎక్కువున్నది ఫుకెట్టే. పిల్లలకి ఇప్పుడే చెప్పు, దొరికితే వెళ్దాం అని. స్పీడ్‌బోటుకి ముందే డబ్బు కట్టకు.

పెనాంగ్ మీద మనసు పెట్టు. అక్కడ ఓడ స్వెటెన్‌హామ్ పియర్‌కి నేరుగా ఆనుతుంది. దిగి నడిస్తే జార్జ్‌టౌనే. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిన ఊరు. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి ఉంది, మామయ్య, అత్తయ్య సంతోషిస్తారు. చుట్టూ లిటిల్ ఇండియా, ఇడ్లీకి ఢోకా లేదు. నువ్వు పెనాంగ్ హిల్ రైలూ, కెక్ లోక్ సీ గుడీ, జార్జ్‌టౌనూ మూడూ ఒకే రోజులో ఇరికించావు. పెద్దవాళ్లతో కుదరదు. ఒకటి తీసెయ్. నన్నడిగితే హిల్ తీసేస్తాను, అక్కడ క్యూలో గంటలు పోతాయి.

ఇంకో లెక్క కూడా తప్పింది. 8 నుంచి 5 దాకా రేవులో ఉంటుందని రాసి ఉంటే, తొమ్మిది గంటలు మన చేతిలో ఉన్నట్టు కాదు. దిగేసరికి ముప్పావుగంట, గంట. ఓడ కదిలే ముందు అరగంట నుంచి గంట లోపలికి రావాలని టైము పెడతారు. దానికి ఇంకో గంట ముందే మనం గేటు దగ్గర ఉండేలా చూసుకోవాలి. మిగిలేది ఆరు గంటలు. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగదు, తర్వాతి రేవుకి నీ ఖర్చుతో నువ్వే వెళ్లాలి. అందుకే దూరం వెళ్లేటప్పుడు ఓడవాళ్ల టూరు, నడిచేంత దగ్గరైతే సొంతం. మరీ ముఖ్యం, ఫుకెట్ టైము సింగపూర్ కంటే గంట వెనక. దిగగానే నీ ఫోను దానంతటదే మారిపోతుంది. ఓడ గడియారం సింగపూర్ టైములోనే ఉండొచ్చు. నీ ఫోనులో మూడైతే ఓడలో నాలుగు. ఆ రోజు చేతికి మామూలు వాచీ పెట్టుకుని, ఓడ టైముకి తిప్పుకో.

సింగపూర్‌లోకి రెండోసారి వస్తున్నారు కాబట్టి వీసా ఒక్కసారికే ఇచ్చారా, ఎక్కువసార్లకా చూసుకో. తిరుగు విమానం ఓడ దిగిన రోజుకి వద్దు, మర్నాటికి పెట్టుకో. ఓడ ఎక్కగానే ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, లేకపోతే ఓడ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది. అష్టాచెమ్మా తీసుకెళ్లు. మాకు ఆ ఖాళీ రోజు గడిచింది దానితోనే, పక్క గది గుంటూరు వాళ్లూ వచ్చి కూర్చున్నారు.

నేను చెప్పాలనుకున్నది ఒకటే బావా. తప్పనిసరిగా చూడాలి అనుకున్నది ఒక్క ఊరిలోనే ఉంటే, ఓడలో వెళ్లకు. విమానంలో వెళ్లు, రెండు రాత్రులుండు. ఓడ మీద ఉండటమే ఇష్టమైతే ఓడ ఎక్కు, రేవులు దొరికినన్ని చూడు. నేను అమ్మ కోరిక తీసుకెళ్లి గాలి దయ మీద పెట్టాను.

కాంకేసంతురైలో దిగాక జాఫ్నా కోట, లైబ్రరీ అన్నీ మానేశాను. దగ్గర్లోనే కీరిమలైలో నగులేశ్వరం ఉంది. లంకలో ఐదు ఈశ్వర క్షేత్రాలంటారు, కోణేశ్వరంతో పాటు అదీ ఒకటి. అక్కడ అమ్మవారి సన్నిధిలో అమ్మ డబ్బా తెరిచింది. పూజారికి ఒక డజను గాజులే ఇచ్చింది. రెండోది మళ్లీ గుడ్డలో చుట్టేసింది. నేనేమీ అడగలేదు.

ఆ డజను ఇంకా మా బీరువాలో ఉంది. చెన్నై నుంచి జాఫ్నాకి విమానం ఉంది, అక్కడి నుంచి ట్రింకోమలీ రోడ్డు మీద 200 కిలోమీటర్ల పైమాట. తూర్పు తీరం వానలు తగ్గిపోయాక, మార్చిలో వెళ్దామనుకుంటున్నాను. డ్రైవర్‌కి ఫోన్ చేస్తే "అమ్మగారిని తీసుకురండి, జాఫ్నాకే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. వ్యానులో ఏడుగురికి చోటుంది. అత్తయ్యని కూడా తీసుకురమ్మని అమ్మ పొద్దుటినుంచీ పోరుతోంది. ఆవిడ పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో చూసి, ఈ వారంలో చెప్పు. టికెట్లు తీసేస్తాను.

మీ చెల్లి అడిగానని చెప్పమంది.

నీ
బావ