శవం తెచ్చే ఖర్చు ఎవరిదో రాశారు, ఎటు పరిగెత్తాలో రాయలేదు: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గల్ఫ్ గ్యాస్ ప్లాంటులో సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలో మన కార్మికులకి ఎవరూ చెప్పడం లేదు. ఈ సంగతి మీద ముందు చెన్నైలోనే ఒక ఆఫీసుకి వెళ్లాను. ఏ ఆఫీసో రాయను, కిటికీ వెనక కూర్చునే గుమస్తా మీద నాకేం కోపం లేదు. అర్జీ తీసుకున్నారు, ముద్ర కొట్టారు. తర్వాత ఆన్‌లైన్లో కూడా పెట్టాను. "మీ ఫిర్యాదు సంబంధిత విభాగానికి పంపబడింది" అని ఒక మెసేజ్ వచ్చింది. కొన్నాళ్లకి "పరిష్కరించబడింది" అని ఇంకొకటి. ఏం పరిష్కారమైందో నాకు తెలియలేదు. గల్ఫ్‌లో ఉన్న మా తమ్ముడికీ తెలియలేదు. ఆ రహస్యం మీ శాఖకే తెలిసుండాలి కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను.

మా తమ్ముడు స్కఫోల్డర్, అంటే ఎత్తులో పనిచేసేవాళ్లకి పైపులతో పరంజా కట్టేవాడు. అక్కడి ప్రభుత్వానిదే అయిన ఒక గ్యాస్ ప్లాంటులో పని. అంటే జీతం ప్రభుత్వం ఇస్తుందని కాదు. ప్లాంటు ప్రభుత్వానిది, మెయింటెనెన్స్ కాంట్రాక్టరుది, ఆయన కింద సబ్ కాంట్రాక్టరు, ఆయనకి మనుషుల్ని సప్లై చేసేది ఇంకొకరు. ఆ చిట్టచివర మావాడు. ఈ వరస మీకు తెలియనిది కాదు.

షట్‌డౌన్ పనులు, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు, జరుగుతుండగా ఒక పొద్దున అక్కడ సైరన్ మోగింది. మావాళ్లు స్కఫోల్డింగ్ పైన ఉన్నారు. ఆగి ఆగి మోగితే ఒక అర్థం, ఏకధాటిగా మోగితే ఇంకో అర్థం. ఏది మంటకో, ఏది గ్యాస్‌కో ఆ గ్యాంగులో ఒక్కడికీ తెలియదు. దిగారు, పరిగెత్తారు. ఎటు? రోజూ పొద్దున బస్సు దింపే గేటు వైపు. తెలిసిన దారి అదొక్కటే మరి. ఆ గేటు సరిగ్గా గాలి పోతున్న వైపు ఉంది. పైన విండ్ సాక్, అంటే గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం, నిండుగా ఉబ్బి, తోక గేటు వైపే చూపిస్తోంది. దాన్ని చూసి గాలికి ఎదురుగానో, అడ్డంగానో పోవాలని ఎవరైనా చెప్పి ఉంటే కదా! వీళ్ల లెక్కలో అది విమానాల కోసం కట్టిన గుడ్డ.

గేటు తెరవలేదు. ఎమర్జెన్సీలో తెరవకూడదట, అది రూలు. సెక్యూరిటీ వాళ్లు వెనక్కి పొమ్మని చేతులు ఊపారు. ఏ అసెంబ్లీ పాయింటుకి, అంటే ప్రమాదం వస్తే అందరూ చేరాల్సిన ఏ చోటికి, పోవాలో అరబ్బీలో చెప్పారు. చివరికి ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు చెయ్యి పట్టుకుని లాక్కుపోతే వెళ్లారు. అక్కడ ఒకాయన లిస్టు పట్టుకుని పేర్లు పిలిచాడు. మావాళ్ల పేర్లు లేవు. సప్లై కంపెనీ లిస్టు ఆ కంపెనీ ఆఫీసులో ఉందట, ఆ ఆఫీసు ప్లాంటు బయట ఉందట. లిస్టులో ఉన్నవాళ్లందరూ చెయ్యెత్తేసరికి ఆయన వాకీటాకీలో "అందరూ ఉన్నారు" అని చెప్పేశాడు.

అయ్యా, నన్ను నిద్రపోనివ్వనిది ఆ సైరన్ కాదు, ఈ మాట. ఆ కంగారులో నిచ్చెన మీద కాలు జారి ఒకడు కింద పడి ఉంటే, హెడ్ కౌంట్ (తలల లెక్క) సరిపోయింది కాబట్టి వాడి కోసం వెతికే నాథుడు లేడు. లెక్క ప్రకారం వాడు అక్కడ లేడు. లేనివాడు ఎలా తప్పిపోతాడు?

తర్వాత తేలిందేమంటే ఒక ఫ్లాంజ్ (పైపుల అతుకు) దగ్గర చిన్న లీకు. ఎవరికీ ఏమీ కాలేదు. బహుశా అందుకే నా అర్జీ "పరిష్కరించబడింది".

నేను చెన్నైలోని మణలి వైపు ఫ్యాక్టరీల్లో ఫైర్ వాచ్‌గా, అంటే నిప్పు రేగకుండా కాపలా కాసే పనిలో, చేరి సేఫ్టీ సూపర్‌వైజరు దాకా వచ్చినవాణ్ణి. అలాంటి ప్లాంట్లలో మేం భయపడేది మంట కన్నా హైడ్రోజన్ సల్ఫైడ్‌కి. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దాటితే కొద్ది నిమిషాల్లో ముక్కే పని మానేస్తుంది. కంపు పోయింది, గ్యాస్ పోయిందనుకుంటాడు మనిషి. ఇంకా పెరిగితే రెండు మూడు ఊపిర్లకే కూలిపోతాడు. గాలి కన్నా బరువు కాబట్టి గుంటల్లో, డ్రెయిన్లలో పేరుకుంటుంది. పడినవాణ్ణి లాగుదామని బీఏ సెట్ (వీపున కట్టుకునే గాలి సిలిండరు, మాస్కు) లేకుండా దూకిన స్నేహితుడు వాడి పక్కనే పడతాడు. మా లైనులో ఇది కొత్తవాడికి మొదటిరోజు చెప్పే పాఠం. చొక్కా జేబుకి తగిలించుకునే గ్యాస్ మానిటర్ మామూలుగా 10 పీపీఎం దగ్గరే కూయడం మొదలుపెడుతుంది. మా తమ్ముడి గ్యాంగు మొత్తానికి అలాంటిది ఒకటే ఉంది. అది ఫోర్‌మన్ జేబులో ఉంది. ఫోర్‌మన్ ఆ టైముకి టీకి వెళ్లాడు.

వాళ్లకి ఇచ్చిన సేఫ్టీ కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. చక్కగా లామినేషన్ చేసిన కార్డు. ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు అరబ్బీ. చదివి అర్థం చేసుకున్నానని కింద మావాడి సంతకం. సంతకం మాత్రం తెలుగులో ఉంది.

ఇక్కడ మిమ్మల్ని ఒక్కటి అడగాలి. మావాడు పదో తరగతి తప్పాడు. అందుకే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంది, గల్ఫ్ వెళ్లాలంటే మీ శాఖ క్లియరెన్స్ కావాలి. అంటే వీడు ఇంగ్లీషు కాగితం చదివి తన మేలు తాను చూసుకోలేడు, కాబట్టి మేం చూస్తాం అని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద బాధ్యత తీసుకున్నది ప్రభుత్వమే కదా? మరి అదే మనిషిని ఇంగ్లీషు కార్డు మీద సంతకం పెట్టించుకునే చోటికి పంపడానికి క్లియరెన్స్ ముద్ర ఎలా పడింది?

ఒప్పందం కాగితం నా దగ్గర ఉంది. జీతం ఉంది, పని గంటలు ఉన్నాయి, సెలవు ఉంది. మనిషి చనిపోతే శవాన్ని ఇండియాకి పంపే ఖర్చు ఎవరిదో కూడా శుభ్రంగా రాసి ఉంది. బతికుండగా ఎటు పరిగెత్తాలో మాత్రం ఎక్కడా లేదు. బీమా ఉంది, ప్రవాసీ భారతీయ బీమా యోజన. రెండేళ్లకి 275 రూపాయలు కడితే, ప్రమాదంలో పోయినవాడికి 10 లక్షలు. మంచి పథకమే, కాదనను. మా అమ్మకి ఈ లెక్క చెప్తే "ఆ పది లక్షలు నేనేం చేసుకోనురా" అంది.

2018 నుంచి వెళ్లేముందు ఒకరోజు క్లాసు కూడా పెడుతున్నారు. మావాడు కూర్చున్నాడు. అక్కడి ఆచారాలు, మందు ముట్టకూడదు, పాస్‌పోర్టు జాగ్రత్త, ఎంబసీ నంబరు. అన్నీ కావలసినవే. సైరన్ గురించి, గాలి గురించి, అసెంబ్లీ పాయింటు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. మందు తాగితే జైలు అని అరగంట చెప్పినవాళ్లు గ్యాస్ పీలిస్తే ఏమవుతుందో రెండు నిమిషాలు చెప్పలేకపోయారా?

ఇదంతా నా చాదస్తం అనుకుంటారేమో. 2022 జనవరి 17న అబుదాబి ముసఫ్ఫాలో డ్రోన్ దాడి జరిగితే, అక్కడి ప్రభుత్వ చమురు సంస్థ ప్రాంగణంలో ట్యాంకర్లు పేలి ముగ్గురు పోయారు. అందులో ఇద్దరు మనవాళ్లు. 2024 జూన్ 12న కువైట్ మంగఫ్‌లో కార్మికులు పడుకునే బిల్డింగు తెల్లవారుజామున అంటుకుంటే 45 మంది భారతీయులు పోయారు. ముగ్గురు మన ఆంధ్రావాళ్లు. వాయుసేన విమానం పంపారు, శవపేటికలు కొచ్చిలో దిగాయి. ఆ రోజు మీ శాఖ ఎంత త్వరగా కదిలిందో దేశమంతా చూసింది. ఆ వేగంలో పావలా వంతు ముందే చూపించండని అడగడం తప్పా?

మాది కోనసీమ, నగరం అనే ఊరి పక్క ఊరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఏం చేసిందో మీకు గుర్తుండే ఉంటుంది. వాసన వస్తోందని జనం ముందునుంచీ మొత్తుకున్నారు. ఇప్పుడు నేనుండేది తిరువొత్తియూర్. 2023 డిసెంబరు 26 రాత్రి ఎన్నూరు దగ్గర అమ్మోనియా లీకైనప్పుడు మా వైపు రోడ్లన్నీ జనం. పిల్లల్ని ఎత్తుకుని, మొహానికి తడిగుడ్డ కట్టుకుని, ఎటో తెలియకుండా పరుగు. సొంత దేశంలో, సొంత భాష వచ్చినవాళ్లకే ఆ గతి పట్టింది. మావాడికి అక్కడ ఆ భాషా లేదు.

ఆ ప్లాంటు ఇంకో దేశానిది, వాళ్ల రూళ్లు మన చేతిలో లేవని మీరు అనవచ్చు. ఒప్పుకుంటాను. కానీ క్లియరెన్స్ మీ చేతిలో ఉంది. గ్యాస్, చమురు సైట్లకి మనిషిని అడిగే ప్రతి కంపెనీనీ ముందు మూడు కాగితాలు అడగండి. ఎమర్జెన్సీ ప్లాను కార్మికుడి భాషలో. రోజూ గేటు దాటే ప్రతి మనిషి పేరూ, ఎవరి కింద పనిచేసినా సరే, హెడ్ కౌంట్ లిస్టులో ఉంటుందని హామీ. సైటులో అడుగుపెట్టిన మొదటి వారంలో మాక్ డ్రిల్ చేయించి, ఆ రికార్డు ఎంబసీకి పంపుతామని మాట. ఇవ్వకపోతే ముద్ర వేయకండి. మీ ఒకరోజు క్లాసులో ఒక గంట దీనికి ఇవ్వండి, తెలుగులో. చెప్పేవాళ్లు దొరక్కపోతే మణలిలో మేమున్నాం, డబ్బులేమీ అక్కర్లేదు. ముఖ్యంగా ఆ హెడ్ కౌంట్ లిస్టు సంగతి చూడండి. మిగతావి ఆలస్యమైనా అది చూడండి.

మా మేనత్త కొడుక్కి అదే ప్లాంటుకి, అదే సప్లై కంపెనీ ద్వారా వీసా వచ్చింది. వాడూ పది తప్పినవాడే. ఫైలు ప్రస్తుతం క్లియరెన్స్ కోసం మీ దగ్గరే ఉంది. ఆ ముద్ర పడేలోగా ఆ కంపెనీని ఒక్క ప్రశ్న అడిగించండి: ఈ కుర్రాడి పేరు ఏ లిస్టులో ఉంటుంది? వాళ్లు ఏం చెప్పినా ఆ జవాబు కాగితం మీద నాకు పంపించండి. "పరిష్కరించబడింది" అని మాత్రం పంపించకండి.

ఇట్లు,
ఒక స్కఫోల్డర్ అన్న,
తిరువొత్తియూర్, చెన్నై